తువ్వాలు కింద కుదిరిన బేరం

తొంభైల చివర్లో గుంటూరు నుంచి దాచేపల్లి వెళ్తున్న బస్సులో, కోర్టు నుంచి వస్తున్న మిర్చి వ్యాపారి మస్తాన్ గారు నా పక్కన కూర్చున్నారు. ఆయన దగ్గర మిర్చి కొన్న శ్రీలంక వర్తకులు బదులుగా తెచ్చిన వెండిని పోలీసులు పట్టుకున్నారట. ఆయనే సాక్షి.

"ఆ వెండి మిర్చి ఖరీదేనని తేలాలంటే రేటెంతో చెప్పమని జడ్జి గారడిగారండి. తువ్వాలు కింద వేళ్ళు పట్టి కుదుర్చుకున్నది మా మధ్యే ఉండాలి, పైకెట్టా చెప్తాం? చెయ్యిస్తే చూపిస్తానన్నా. అందరూ నవ్వారు. వాయిదా వేశారు."

"చెప్పేస్తే వాళ్ళ వెండి వాళ్ళకొచ్చేదిగా?"

"వాళ్ళే వద్దన్నారండి. మాట బయటపెడితే మళ్ళీ మిర్చి యార్డులో మాకు చెయ్యెవరిస్తారన్నారు."

దిగబోతూ ఆయన నా చేతిమీద తువ్వాలు కప్పి వేళ్ళు నొక్కారు. "ఇదీ రేటు. ఎవరికీ చెప్పకండి."

ఆ లెక్క నాకు అర్థం కాలేదు. అయినా ఇన్నేళ్ళలో ఆ పట్టు ఎవరికీ చూపించలేదు.