ఆదిలాబాద్‌కు మెటల్ మోసుకెళ్లాం

మా ముత్తాత గోపాలరావు గారు సుల్తానాబాద్ చుట్టుపక్కల పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన కోటలాంటి తన గడీ దాటి బయటికి వస్తే ముందు నగారా మోగేది. ఆ చప్పుడు వింటే కూర్చున్నవాళ్లు లేచి నిలబడాలి. తాత మాధవరావు గారి కాలం దాకా ఆ మర్యాద నడిచింది. ఆ రాగి నగారాను ఒళ్లో పెట్టుకుని నేను ఆదిలాబాద్ బస్సెక్కాను.

కారణం మా అమ్మాయి సింధు. కరీంనగర్‌లో చదువుకుంటూ ముగ్గురు స్నేహితులతో ఒక బ్యాండ్ పెట్టింది. వాళ్ల పాటలో గిటార్లు గర్జిస్తాయి, మధ్యలో ఒగ్గుకథ నడక వస్తుంది, ఉన్నట్టుండి జోలపాటంత మెత్తగా అయిపోతుంది. గిటార్లు, డ్రమ్ములు హోరెత్తించే పాటను మెటల్ అంటారట, ఆదిలాబాద్‌లో జరిగే అలాంటి ఒక మెటల్ సంగీత సభకు పేరిచ్చారు. వీళ్లది మెటల్ అవునో కాదో విన్నాకే తేలుస్తామని, కాదంటే వేదిక ఎక్కనివ్వమని కబురు వచ్చింది. సింధు నగారా అడిగింది. మా ఇంటి నగారా ఒంటరిగా ప్రయాణం చేయదని చెప్పి నేనూ బయలుదేరాను.

ఉదయం ఏడింటికి కరీంనగర్ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. సామాను ఉన్నవాళ్లు వెనక సీట్లు పట్టుకోవడం మంచిది. కండక్టరమ్మ గిటార్లను ఏమీ అనలేదు.

"గీ గంగాళానికి లగేజి టికెట్ తీస్కోవాలె పెద్దబాపూ" అంది.

"ఇది గంగాళం కాదమ్మా, నగారా. కింద పెట్టేది కాదు."

"అయితే ఒళ్లె పెట్టుకో. టికెట్ ఒద్దు."

జగిత్యాల దాటేసరికి తొడలు తిమ్మిరెక్కాయి. మెట్‌పల్లిలో ఎక్కిన ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఆదిలాబాద్ దగ్గరి పత్తి రైతు, కూతురింటికి వచ్చి తిరిగి వెళ్తున్నాడు.

"ఏం పని మీద పోతుండ్రు దాదా?"

"మెటల్ పని" అన్నాను, వివరించే ఓపిక లేక.

ఆయన ముఖం వెలిగింది. "మా ఊరి తొవ్వకేనా? మెటల్ ఎయ్యిమని ఎన్నేండ్ల సంది మొత్తుకుంటున్నమో. లారీ ఎనుక వస్తుందా?"

మనవైపు రోడ్డుకు వేసే కంకరను మెటల్ అంటారన్న సంగతే మర్చిపోయాను. వెనక సీట్లో రాజేశ్ పడీపడీ నవ్వాడు. బ్యాండులో డ్రమ్ములు వాయించేది అతనే. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాడు. నన్ను అంకుల్ అంటాడు, నాకింకా అలవాటు కాలేదు.

"లారీ లేదు కాకా. మొత్తం అంకుల్ ఒళ్లెనే ఉన్నది."

రైతు నగారాను ఎగాదిగా చూశాడు. "గింతేనా? ఒక్క గుంత గూడ నిండది."

ఆర్మూర్ తర్వాత సోన్ వంతెన మీద గోదావరి నిండుగా కనిపించింది. నిర్మల్‌లో చాయ్ తాగేంత సేపు బస్సు ఆగుతుంది, వేడి మిర్చీలు బాగుంటాయి. ఘాట్ రోడ్డు మలుపుల్లో టేకు చెట్లు చూసుకుంటూ రెండు కావస్తుండగా ఆదిలాబాద్‌లో దిగాం. బస్టాండుకు దగ్గరగా లాడ్జి దొరికింది, గదులు శుభ్రం. పక్క మెస్సులో జొన్నరొట్టె, పచ్చిమిర్చి దంచి చేసిన ఠేచా తిన్నాం. అంత కారం నేను తట్టుకున్నాను, పిల్లలు తట్టుకోలేదు.

సాయంత్రం ఫంక్షన్ హాల్లో నిర్వాహకుడు వీళ్ల పాట విన్నాడు. నల్ల చొక్కా, నడుం దాకా జుట్టు, మర్యాద తెలిసిన మనిషి. విని తల గోక్కున్నాడు.

"మంచిగుంది చెల్లె. కని గిది మెటల్ గాదు. ఒగ్గు నడక, జోల, అన్నీ కలిపి ఖిచిడీ చేసిండ్రు."

"ఖిచిడీల బియ్యం లేదా అన్నా?" అంది సింధు.

"ఉన్నది. బిర్యానీ దావత్‌కు ఖిచిడీ తెస్తే ఎట్లమ్మా?"

నేను కూర్చోలేకపోయాను. నగారా కడుపు మీద వేలితో కొట్టి, "ఇది రాగి. ఇంతకంటే మెటల్ మీ దగ్గర ఏముంది?" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

అతనూ నవ్వాడు. "పెద్దబాపు మాటకు ఒక్క పాట ఇస్తున్న. నాకు మెటల్‌కు ఒకటే గుర్తు, కూసున్నోడు లేవాలె. లేవకుంటె దిగుర్రి."

రాత్రి హాలు నిండాక వాళ్ల వంతు వచ్చింది, సింధు వేదికెక్కి మైకు అందుకుంది. "బస్సుల ఒక కాక, మెటల్ ఎప్పుడు ఏస్తరని అడిగిండు. ఇప్పుడేస్తున్నం."

రాజేశ్ నగారా మీద కర్ర వేశాడు. మగ్గం మీద నాడె అటూ ఇటూ కొట్టే లయ. ముందు వరసలో ఒకడు లేచాడు, వాడి వెంట వరసంతా. జోల నడక వచ్చినప్పుడు మళ్లీ కూర్చుంటారేమోనని వరసల వైపే చూశాను. నిలబడే ఊగారు. గిటార్లు గర్జించేసరికి కుర్చీలు గోడకు చేరాయి. మా తాత కాలంలో లేచినవాళ్లు చేతులు కట్టుకుని లేచారు. వీళ్లు చేతులు పైకెత్తారు. నేనూ నిలబడే ఉన్నానని పాట అయ్యాక తెలిసింది.

నిర్వాహకుడు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "మెటలే పెద్దబాపూ. జర ఖిచిడీ మెటల్."

మర్నాడు తిరుగు బస్సులో నగారా రాజేశ్ ఒళ్లో ఉంది. అడిగి తీసుకున్నాడు. ఇటువంటి పాటకు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. దాన్ని ఏమంటారో తర్వాత కనుక్కోవచ్చు, ముందు మీరు కూర్చుని ఉన్నారో లేదో చూసుకోండి.

సోన్ వంతెన మీద రాజేశ్ అడిగాడు. "అంకుల్, నగారాలు జోడీ ఉంటయి గద. రెండోది ఏది?"

రెండోదాన్ని గడీ తలుపులు అమ్మిన ఏడాదే మా నాన్నగారు పెద్దపల్లిలో అమ్మారు. రాగి లెక్కన, తూకానికి.