లేని అరుగు

ఆర్కిటెక్చర్ చదివి, విజయవాడ నుంచి చెన్నై వచ్చి, అంబత్తూరులో వీఆర్ కథలు తయారుచేసే చిన్న ఆఫీసులో చేరాను. కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే ఒక పాతకాలపు ఇల్లు కనిపిస్తుంది. అందులో నడుస్తుంటే ఒక్కో చోట ఒక్కో మనిషి కథ వినిపిస్తుంది. ఆ ఇల్లు గీసింది నేనే. వచ్చినవాళ్లు ముందు వీధి అరుగు మీద ఆగి మొదటి కథ వినాలని నా ఆశ. మా ఆఫీసులో ఒక్కరూ ఆగలేదు, అందరూ నేరుగా లోపలికి పోయారు. మర్నాడే క్లయింటు వస్తున్నారు.

దిగులుపడుతూ మా ఇంటి ఓనరు కామాక్షమ్మ గారిని ఆఫీసుకు తీసుకెళ్లాను. పాత మద్రాసులోని రాయపురంలో, అరుగులున్న ఇళ్ల మధ్య పుట్టి పెరిగిన ఆవిడకు డెబ్బై దాకా ఉంటాయి. హెడ్‌సెట్ పెట్టగానే చెప్పులు విడిచారు. నాలుగడుగులు వేసి, కొంగుతో అరుగు మీద దుమ్ము దులిపి, హాయిగా కూర్చోబోయారు. నేను పట్టుకునేలోపే దబ్బున కిందపడ్డారు.

గబుక్కున పక్కన కూర్చుని చూశాను. కార్పెట్ పుణ్యమా అని దెబ్బ తగల్లేదు. లేపబోతే ఆవిడ హెడ్‌సెట్ తీయకుండానే పకపకా నవ్వుతున్నారు.

"తిన్నె బాగా కట్టినావు మా. కింద ఇటుకలు పెట్టేది మర్చిపోయినావే."

ఆ సాయంత్రమే అరుగు కనిపించే చోట, సరిగ్గా అంతే ఎత్తున్న చెక్క బెంచీ వేయించాను. మర్నాడు క్లయింటు దాన్ని తడిమి చూసి కూర్చున్నారు. కథ అయ్యేదాకా లేవలేదు.

తర్వాత నా పనిని చాలామంది మెచ్చుకున్నారు. నేలమీద కూలబడి మరీ మెచ్చుకున్నది మాత్రం ఆవిడొక్కరే.