తెల్ల ఎలుకలకు ఆయుధపూజ

ఆ రోజుల్లో నాకు రెండే లోకాలు: అశోక్‌నగర్‌లో నేనుండే హాస్టల్, నారాయణగూడలో మా ఫార్మసీ కాలేజీ. హాస్టల్లో అందరూ గ్రూప్స్ పరీక్షలు రాసేవాళ్లే, నేనొక్కడినే ఎలుకలకు పరీక్షలు పెట్టేవాణ్ణి. సరస్వతి ఆకుతో మతిమరుపు తగ్గుతుందా అన్నది నా పరిశోధన. తెల్ల ఎలుకలకు చెక్కపెట్టెలో మలుపులు దాటి మేత చేరే దారి నేర్పాలి. తర్వాత అన్నిటికీ మరుపు మందు ఇచ్చి, సగానికి మాత్రం ఆకు రసం కూడా పట్టి, దారి ఎవరికి గుర్తుందో చూడాలి. (ఆ రసం తనకూ కొంచెం తెమ్మని మా రూమ్మేట్ రోజూ బతిమాలేవాడు. ముందు మరుపు మందు మింగాలని చెప్పాక మానేశాడు.) రసం తాగిన వాటి నెత్తిన పసుపు రంగు చుక్క, తాగని వాటికి ఎర్ర చుక్క పెట్టాను. బోన్లకు చీటీలు కట్టడం, పుస్తకంలో రాసుకోవడం నా తెలివికి అనవసరమనిపించింది.

ఆఖరి పరీక్షకు ముందు దసరా వచ్చింది. ల్యాబ్‌లో ఆయుధపూజ. గదుల తాళాలన్నీ తన నడుముకే ఉండే మా అటెండర్‌ని తాళాలన్న అనేవాళ్లం. ఫలితాలు బాగా రావాలన్న ఆశకొద్దీ, మా బోన్లకు కూడా పూజ చెయ్యమని ఆయనకు నేనే చెప్పి, బంతిపూల కోసం చిక్కడపల్లి వెళ్లాను. వచ్చేసరికి బోన్లన్నీ కడిగి తళతళలాడుతున్నాయి. ఎలుకలు ఏవి ఎందులో పడితే అందులో ఉన్నాయి. ప్రతి ఎలుక నెత్తిన నిండుగా పసుపు, దాని మీద కుంకుమ.

కింద నేను పెట్టిన చుక్క ఏది పసుపో, ఏది ఎరుపో ఇక తేలదు. ఎందుకిలా చేశావని అడిగితే ఆయన నింపాదిగా అన్నాడు, "నీ పని చేసేది ఇవ్వే గద తమ్మీ. మిషన్లకు బొట్టు పెట్టి, ఇవ్విటిని ఇడుస్తమా?"

గడువులోగా పరిశోధన సమర్పించకపోతే, అప్పటికే ఖాయమైన మందుల కంపెనీ ఉద్యోగం పోతుంది. భయంలో నాకొక గొప్ప ఉపాయం తట్టింది. పరీక్ష పెట్టేశాను. దారి గుర్తున్నవన్నీ రసం తాగినవనీ, తప్పినవన్నీ తాగనివనీ పట్టిక రాసుకున్నాను. సరస్వతి ఆకు మహిమ చూసి నాకే ఒళ్లు పులకరించింది.

మా గైడ్ మేడమ్ ఆ పట్టిక చాలాసేపు చూశారు. తర్వాత కళ్లద్దాలు తీసి, "ఒక్క ఎలుక కూడా లెక్క తప్పలేదంటే, తప్పు ఎవరు చేసినట్టు?" అన్నారు. అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు, నవ్వలేదు. కొత్త ఎలుకలతో మొదటి నుంచి చెయ్యమన్నారు. ఉద్యోగం పోయింది. ఆ రాత్రి ఏడ్చాను కూడా. రెండోసారి ఆకు కొన్నిటికి పనిచేసింది, కొన్నిటికి చెయ్యలేదు. ఆ పట్టిక మీద మేడమ్ సంతోషంగా సంతకం పెట్టారు.

ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. తాళాలన్న రిటైరయ్యాడు. ఆయుధపూజ రోజు బోన్లకు నేనే బొట్టు పెడతాను, మూతల మీద మాత్రమే, ఏ బోనులో ఏ ఎలుకలో రాసిన జాబితా చేత పట్టుకుని. దండం మాత్రం ఎలుకలకే పెట్టుకుంటాను. తాళాలన్న చెప్పింది నిజమే, పని చేసింది అవే. నేను చేసిందల్లా వాటి పేరున అబద్ధం రాయడం.