మూడు ఆసుపత్రులు, రెండు చేతులు

2006 వర్షాకాలంలో ఒక ఉదయం, ఢిల్లీలో, పాల బూత్‌కు బయలుదేరబోతూ నా భార్య శకుంతల చెప్పులు తొడుక్కోలేకపోయింది. "ఏమండీ, చెప్పులు బిగిశాయా, నా కాళ్లు పెరిగాయా?" అని నవ్వింది. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు. నేను ప్రభుత్వ గణాంక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. అంకె చూడనిదే దేనినీ నమ్మను. మర్నాడు అంకె వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తంలో ఒకటికి అటూ ఇటూగా ఉండవలసినది, 7.8 ఉన్నది.

"దోనో కిడ్నీ ఫెయిల్ హైఁ, అంకుల్. రెండూ పనిచేయడం లేదు, డయాలిసిస్ మొదలుపెట్టాల్సిందే" అన్నది ఆసుపత్రి డాక్టరమ్మ.

డయాలిసిస్ కోసం ఎడమ ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేశారు. అక్కడ వేలు ఆనిస్తే పిల్లి గురగురలాడినట్టు అదురుతుంది. ఆ అదురును డాక్టర్లు థ్రిల్ అంటారు. అది ఉన్నంతకాలమే ఆ చెయ్యి పనికివస్తుంది. ఆ చేతికి బీపీ చూడకూడదు, వేరే సూది గుచ్చకూడదు. డయాలిసిస్ యూనిట్‌లోని సిస్టర్, "ఆంటీ, యే హాథ్ మేరా హై. కిసీ ఔర్ కో మత్ దేనా" అని, ఆ చెయ్యి తనదేనని, ఇంకెవరికీ ఇవ్వొద్దని బెదిరించేది. శకుంతల నా వైపు తిరిగి, "పెళ్లిలో మీరు పట్టుకున్నది కుడి చెయ్యే కదండీ. ఎడమది సిస్టర్‌కు రాసిచ్చేశాను" అన్నది.

మరుసటి సంవత్సరం మా ప్రాంతంలోని మూడు ప్రభుత్వ ఆసుపత్రులను ఒకే గ్రూపుగా చేశారు. సూపరింటెండెంట్ ఒకరే. డాక్టర్లు, నర్సులు, టెక్నీషియన్లు అవసరాన్నిబట్టి మూడుచోట్లా తిరుగుతారు. నాకు ఆ ఏర్పాటు సబబుగానే తోచింది. ఒకచోట మిగిలినది మరొకచోట లోటును తీర్చడం లెక్క ప్రకారం సరైనదే. అయితే మా సిస్టర్‌ను మూడో ఆసుపత్రికి పంపారు. వారం వారం కొత్త ముఖాలు. శకుంతల చెయ్యి ఎవరికీ తెలియదు.

ఆ చలికాలంలో, పొగమంచు కమ్మిన ఒక ఉదయం, డయాలిసిస్‌కు వెళ్తే యూనిట్ తాళం వేసి ఉన్నది. "టెక్నీషియన్ ఉధర్ గయా హై, కల్ ఆయియే" అన్నాడు గార్డు. టెక్నీషియన్ వేరే ఆసుపత్రికి పోయాడు, రేపు రమ్మని. మర్నాడూ అదే మాట. మధ్యాహ్నానికి ఆమెకు ఊపిరాడలేదు. ఆటోలో రెండో ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకుపోయాను.

ఆమెను స్ట్రెచర్ మీద లోపలికి తోసుకుపోయారు. నన్ను కొత్త కార్డు కోసం క్యూలో నిలబెట్టారు. "గ్రూపు ఒకటే కదా భయ్యా, పాత కార్డు ఉన్నది" అన్నాను హిందీలో. "గ్రూప్ ఏక్ హై, కంప్యూటర్ అలగ్ హై" అన్నాడు కౌంటర్‌లోని మనిషి. గ్రూపు ఒకటైనా కంప్యూటర్లు వేరట.

కార్డు పట్టుకొని లోపలికి పోయేసరికి మందులు ఎక్కించే సూది, కాన్యులా, గుచ్చడం అయిపోయింది. ఎడమ చేతికి. గుచ్చిన నర్సు ప్రసూతి వార్డు నుంచి ఆ వారమే వచ్చినదట. ఉబ్బిన నరం చూసి మంచి నరం అనుకున్నది. "ఆంటీ కుఛ్ బోల్ రహీ థీఁ, సమఝ్ నహీఁ ఆయా" అన్నది, భయంగా. ఆంటీ ఏదో అంటున్నది గానీ అర్థం కాలేదట.

ఆంటీ ఏమన్నదో నాకు తెలుసు. నేను లోపలికి వచ్చేసరికీ అంటూనే ఉన్నది: "ఆ చెయ్యి వద్దమ్మా, ఆ చెయ్యి వద్దు." ముప్పై ఏళ్లుగా ఢిల్లీలో కూరగాయలు బేరమాడిన హిందీ, ఊపిరాడని ఆ వేళ ఆమెకు ఒక్క మాట కూడా అందలేదు.

మర్నాటికి థ్రిల్ లేదు. వేలు ఆనించి, ఆనించి చూశాను. ఏమీ లేదు. డయాలిసిస్ కోసం మెడలో కాథెటర్ అనే గొట్టం పెట్టారు. దానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. చలిజ్వరంతో మంచం అదిరిపోయేది. "ఇక చాలండీ, ఇంటికి తీసుకుపోండి" అన్నది. అంకెలన్నీ ఆమె మాటనే సమర్థిస్తున్నాయి.

న్యాయంగా ఇంకొక సంగతి కూడా రాయాలి. మా పాత ఆసుపత్రిలో రక్తనాళాల సర్జన్ ఏనాడూ లేడు. గ్రూపు ఏర్పడ్డాకనే మూడో ఆసుపత్రి నుంచి ఒక సర్జన్ వారానికొకసారి రాసాగాడు. కుడి చేతికి ఫిస్టులా చేసింది ఆయనే. "ఇసే సంభాలియే, అంకుల్. హాథ్ దో హీ హోతే హైఁ" అన్నాడు. దీన్ని జాగ్రత్తగా చూసుకోండి, చేతులు రెండే ఉంటాయని.

ఇప్పుడు ఆ కుడి చేతి మీదనే ఆమె బతుకుతున్నది. అన్నం స్పూనుతో, ఎడమ చేత్తో తింటుంది. రోజూ పొద్దున్నే ఆ మణికట్టు మీద వేలు ఆనించి చూస్తాను. అదురు తగిలేదాకా నేను కాఫీ తాగను.

నాలాంటివారికి చెప్పదలచినది ఒక్కటే. ఫిస్టులా ఉన్న చేతి మీద, ఇల్లు కదిలే ముందు, చెరగని పెన్నుతో హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాయండి: సూది వద్దు, బీపీ వద్దు. ఫైలు ఒక ఆసుపత్రిలో ఉండవచ్చు, తెలిసిన నర్సు మరో ఆసుపత్రిలో ఉండవచ్చు, మీరు క్యూలో ఉండవచ్చు. చెయ్యి మాత్రం రోగితోనే లోపలికి పోతుంది.

నేను అలా రాస్తున్నప్పుడు శకుంతల చెయ్యి చాచి, "అక్షరాలు గుండ్రంగా రాయండి, సంతకం మాత్రం పెట్టకండి, ఈ చెయ్యి ఎవరికీ రాసిచ్చేది లేదు" అంటుంది.