రెండు మోటారుసైకిళ్లు, మూడు మైళ్ల ఇసుక

తారురోడ్డుకీ, మట్టిదారికీ రెండింటికీ పనికొచ్చే మోటారుసైకిలు ఏది కొనమంటారని ఈ మధ్య నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పలాసలో దిగి, జీడితోటల మీదుగా ఉద్దానం తీరమంతా తిరిగి రావాలని వాళ్ల సరదా. వెళ్లండి, తప్పక వెళ్లండి. నాకు మాత్రం ఆ ప్రశ్న వింటే ఒళ్లు మండుతుంది. మీ మీద కాదు, నా మీద. పంతొమ్మిదివందల అరవైల చివర్లో ఒక ఆదివారం నేను అలాంటి రెండు బళ్లను ఒకే రోజున నడిపి చూశాను. ఆ రోజు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను.

అప్పట్లో నేను టెక్కలిలో తాలూకా ఆఫీసు గుమాస్తాని. నా భార్య సుగుణ, వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం పక్కనున్న ఒక చిన్న ఊళ్లో టీచరు. పెళ్లై రెండేళ్లైనా ఆమె వంట అక్కడ, నా వంట ఇక్కడ. బదిలీకి రెండుసార్లు అర్జీ పెట్టినా జవాబు రాలేదు. మోటారుసైకిలు ఉంటే నేను ఆమె ఊళ్లోనే ఉండి రోజూ టెక్కలికి వచ్చిపోవచ్చు. టెక్కలి నుంచి పలాసకు ఇరవై మైళ్లలోపు తారు. అక్కణ్ణుంచి తూర్పుకి పది మైళ్ల కంకర. చివర మూడు మైళ్లు ఇసుక. ఆ ఇసుకలో నడిచే బండి దొరక్కపోతే సుగుణ ఉద్యోగం మానేయాలని ఇద్దరం అనుకున్నాం. రాజీనామా కాగితం ఆమె రాసే ఉంచింది. సోమవారం హెడ్మాస్టారికి ఇవ్వాలి. ఆమెకి ఆ బడంటే ప్రాణం.

ఆరు గంటల బస్సెక్కి ఏడు దాటాక పలాసలో దిగాను. టిక్కెట్టు రూపాయి లోపే. స్టేషను దగ్గర మెకానిక్కు సింహాచలం షెడ్డులో అమ్మకానికి రెండు పాత బళ్లున్నాయి. ఒకటి పెద్దది, బరువైనది, మోగితే వీధంతా తిరిగి చూస్తుంది. రెండోది చిన్నది, పెట్రోల్లో నూనె కలిపి పోయాలి, సన్నగా పొగ కక్కుతుంది. రెంటినీ నడిపి చూసుకోమన్నాడు. "రేపు బరంపురం నుండి మనుసులు వత్తన్నారు. తీసుకుంటే ఈయేళే సెప్పీయండి" అన్నాడు.

"ఇసకలో ఏది బాగుంటుంది?" అని అడిగాను.

"నానెప్పుడూ రైలుగేటు దాటి ఇసకలోకి ఎల్లనేదు బాబూ. అబద్దం సెప్పకూడదు. మీరే సూసుకోండి."

ముందు పెద్ద బండి తీశాను. టైర్లు రాయిలా ఉండేట్టు గాలి కొట్టించాను. ఎందుకంటే మా ప్రాంతంలో అందరికీ తెలిసింది ఎడ్లబండి. ఇనప పట్టా బిగువుగా ఉన్న చక్రమే ఇసుకలో దొర్లుతుంది, వదులైతే బండి కూలబడుతుంది. చిన్నప్పటి నుంచి విన్నమాట అది. కంకర మీద బండి దొరలా పోయింది. జీడిపూల వాసన, అక్కడక్కడా గింజలు కాలుస్తున్న పొగ, ఆ ఉదయం నాకెంతో బాగుంది. ఇసుక మొదలైన వంద గజాల్లో వెనక చక్రం ఇరుసు దాకా దిగిపోయింది. కొబ్బరితోటలో పనిచేస్తున్న ఇద్దరు రైతులు వచ్చి, చక్రం కింద కొబ్బరి మట్టలు పరిచి, నాతోపాటు తోశారు. "ఇది దున్నపోతు బాబూ, ఈ నేలకి సాగదు" అని పెద్దాయన తేల్చేశాడు. తిరిగి పలాస చేరేసరికి పదకొండున్నర. చొక్కా పిండితే నీళ్లు.

స్టేషను ఎదుట పూరీలు తిని పన్నెండున్నరకి చిన్న బండికీ అలాగే గాలి కొట్టించి తీశాను. ఒక చేతిపంపు అడిగి వెనక కట్టుకున్నాను. ముందుచూపున్న మనిషినని నాకో గర్వం, మరి. కంకర అయ్యే చోట సుగుణ నిలబడి ఉంది. మధ్యాహ్నం వస్తానని ముందే కబురు పెట్టాను. చెప్పులు ఒక చేత్తో, గొడుగు ఇంకో చేత్తో పట్టుకుని మూడు మైళ్లు ఇసుకలో నడిచి వచ్చింది. బండిని చూసి నవ్వింది.

"ఇదేటండీ, ఇంత బక్కగా ఉంది?"

"బక్కదే నయం. చూడు."

ఇసుకలోకి దించాను. నమ్మండి, బండి పోయింది. కాస్త వంకర్లు తిరుగుతూ, కాళ్లు ఆనిస్తూ, దాదాపు అర మైలు పోయింది. సుగుణ వెనకాల పరుగులాంటి నడకతో వస్తోంది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను పెళ్లిలో కూడా చూడలేదు. అప్పుడు వెనక టైరు మెత్తగా ఉందని గమనించాను. దారిలో ఎక్కడో కొంచెం గాలి దిగింది. ఆగాను. పంపు తీశాను.

"ఎందుకండీ? ఇంతవరకూ బాగానే వచ్చింది కదా" అంది సుగుణ.

"నీకేం తెలుసు? మెత్తటి చక్రంతో ఎంత దూరం పోతుంది? పంపు పట్టుకో."

ఆమె పంపు అడుగున కాలు పెట్టి పట్టుకుంది. నేను రొప్పుతూ కొట్టాను. వెనక టైరు మళ్లీ రాయిలా అయింది. తరువాత ఆ బండి ఇరవై గజాలు వెళ్లలేదు. తీస్తే దిగింది, దిగితే తీశాం. సుగుణ వెనక నుంచి తోసింది. చీరంతా ఇసుక, కళ్లల్లో ఇసుక. నాలుగు గంటల దాకా అదే పని. చివరికి ఆమె బండి పక్కన కూర్చుని "సాల్లెండి" అంది. నాకు ఏడుపొచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే అర మైలు మా చక్రం గీసిన గీత చక్కగా కనబడుతూనే ఉంది. దాన్ని చూసి కూడా నాకు బుద్ధి రాలేదు.

ఇద్దరం బండిని కంకర దాకా తోశాక ఆమె తన ఊరికి నడిచి వెళ్లింది. రెండు బళ్లూ వద్దని సింహాచలానికి చెప్పి, చివరి బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. సోమవారం సుగుణ కాగితం ఇచ్చేసింది.

ఏడాది తరువాత ఆఫీసు పని మీద జీపులో అదే దారిన వెళ్లాను. ఇసుక మొదలయ్యే చోట డ్రైవరు ఆపి, దిగి, అగ్గిపుల్లతో వాల్వు నొక్కి నాలుగు టైర్ల గాలీ తీయసాగాడు. బుస్సుమని గాలి పోతోంది. ఏం చేస్తున్నావని అడిగాను.

"ఇసకలో మెత్తగా ఉంటేనే కదా బాబూ ఎల్తాది. గట్టి టైరు కోసుకొని దిగిపోద్ది" అన్నాడు, ఇది కూడా తెలీదా అన్నట్టు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సుగుణతో చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "నేను అడిగాను కదండీ" అంది. అంతే. తరువాత ఆమె ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఆ సంగతి మళ్లీ ఎత్తనూ లేదు. ఆమె పోయి ఆరేళ్లవుతోంది. తిట్టి ఉంటే బాగుండేది అని ఇప్పటికీ అనుకుంటాను. ఏ బండి మంచిదని మీరు అడిగితే నా దగ్గర జవాబు లేకపోవడానికి కారణం ఇదే. ఆ రోజు బండి మంచిదే. పాడు చేసింది నేను.

ఇప్పుడు ఆ ఊరికి చాలావరకు రోడ్డు పడిందట. అయినా తీరం దగ్గర ఇసుక ఇసుకే. వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. కంకర అయిపోయిన చోట బండి ఆపండి. రెండు టైర్లలోనూ గాలి సగానికి తగ్గించండి, తారు ఎక్కగానే మళ్లీ కొట్టించుకోండి. జేబులో ఒక అగ్గిపుల్ల ఉంటే చాలు.