టోపీ లేని సెల్యూట్

సుందరరావు సీరియల్లో కనబడతాడంటే నరసన్నపేట పక్కనున్న ఆ ఊరంతా సంబరపడింది, ఒక్క సుందరరావు తప్ప. పదిహేడేళ్లు పటాలంలో పనిచేసి, డెబ్బయ్యారేళ్ల వయసులో మొహానికి రంగేసుకున్న మనిషికి ఆ ఆదివారం ముద్ద దిగలేదు.

కథ తమాషాదే. నలుగురు ముసలి సిపాయిలు భోగాపురం ఒడ్డున పడవదొంగల్ని గొడుగులతో తరిమి పట్టుకుంటారు. చివర్లో సుందరరావు పెద్దాఫీసరు వేషగాడికి సెల్యూట్ కొట్టాలి. సరిగ్గా అప్పుడే గాలికి టోపీ ఎగిరి సముద్రంలో పడింది. వెలుగు పోతోంది, కానిచ్చెయ్యండి తాతగారూ అని డైరెక్టరు తొందరపెట్టాడు. చెయ్యి లేచిపోయింది.

తలమీద టోపీ లేనప్పుడు సిపాయి సెల్యూట్ కొట్టడు. చేతులు దించి నిటారుగా నిలబడతాడు, అంతే. ఇంటికో సిపాయి ఉన్న ఆ ఊళ్లో బడిపిల్లలకీ తెలిసిన సంగతది. ఇక సుబేదారు చినబాబుకి వేరే చెప్పాలా? పటాలంలో ఆయన సుందరరావుకి పైవాడు. ఆగస్టు పదిహేనున జెండా ముందు మాజీ సిపాయిల్ని వరసలో నిలబెట్టేదీ ఆయనే. బూట్లకి పాలిష్ లేదని నిరుడు తోటి సిపాయి లక్ష్ముణ్ణి అందులోంచి తీసేస్తే, పాపం, ఇప్పటికీ వీధిలో తలెత్తడం లేదు. చర్చిలో ఎంత పెద్దరికమున్నా సుందరరావుకి ఆ వరసే ప్రాణం. అది పోతుందేమోనని ఇప్పుడు భయం.

టీవీ వేళకి ఒంట్లో బాగోలేదని ముసుగుతన్నబోతే భార్య దేవమణి పడనివ్వలేదు.

"తప్పు సేసి ఇంట్లో దాక్కుంటావేటి? ఎల్లి ఆయన పక్కన కూకో."

సుబేదారు ఇంటికి వెళ్లాడు. గొడుగుల యుద్ధం చూసి సుబేదారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతున్నాడు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ఇచ్చిన టీ సుందరరావు చేతిలోనే చల్లారిపోయింది. తెరమీద టోపీ లేని నెరిసిన తల పక్కకి చెయ్యి లేచింది. నవ్వు ఆగిపోయింది. సుబేదారు టీవీ కట్టేశాడు.

సుందరరావు లేచి నిలబడ్డాడు.

"తప్పయిపోనాది సాబ్."

సుబేదారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ కాస్సేపట్లో సుందరరావు ఎన్నిసార్లు చచ్చాడో దేవుడికే తెలియాలి.

"రేపు పొద్దున్న ఆరింటికి బడి గ్రౌండుకి రా," అన్నాడు చివరికి. "టోపీ ఎట్టుకుని రా. వంద సెల్యూట్లు కొట్టాల."

ఈ వయసులో శిక్షలేమిటని లక్ష్మీనరసమ్మ మొగుడిమీద గొణిగింది. సుందరరావుకి మాత్రం కళ్లు చెమర్చాయి. లక్ష్ముడికి ఏ శిక్షా వెయ్యలేదు, ఊరికే పొమ్మన్నారు.

"అయిదున్నరకే ఉంటాను సాబ్," అన్నాడు.