లేదు అనని తెర

ఎలిశిబాది ఒక మొండి పట్టుదల. మనిషి ఏది అడిగితే అదే ఇవ్వాలి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. మెదక్‌లో జనార్దన్ నడిపే కంప్యూటర్ సెంటర్‌కు రక్తదాతలను వెతికే ప్రోగ్రాం అలాగే రాసింది. ఊరు, బ్లడ్ గ్రూపు ఎంచుకుంటే ఆ ఊరివాళ్లే వస్తారు. ఎవరూ లేకపోతే లేరనే చెబుతుంది.

జనార్దన్‌కు అది గిట్టలేదు. వాళ్లది తాతల నాటి కిరాణా దుకాణం. సరుకు నిండుకున్నా లేదనే మాట నోట రానివ్వరు.

"దుకాణంల లేదు అనొద్దమ్మా, అరిష్టం. పక్క ఊర్లోళ్లను సూపియ్యి. ఊరి పేరు కనవడనియ్యకు, దూరమని ఎనక్కి పోతరు."

ఇంట్లో తండ్రి ఏలీయా పక్షవాతంతో మంచం పట్టాడు. ఆయన్ను వదిలి పట్నం పోలేదు. ఇక్కడ ఆ పని ఇచ్చే మహానుభావుడు జనార్దన్ ఒక్కడే. నోరు మూసుకుని మార్చింది. ఊరు ఎంచుకునే గడిని మాత్రం అలంకారానికి ఉంచారు.

సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోయిన రోజులవి. ఒక పొద్దున బక్కయ్య పరుగున వచ్చాడు. దవాఖానాలో ఉన్న భార్య రామమ్మకు ఓ నెగెటివ్ రక్తం కావాలట. మెదక్ అని తనే నొక్కాడు. మూడు పేర్లు, ఫోన్ నంబర్లు వచ్చాయి. పాపం, తెరకే దండం పెట్టాడు. వాళ్లు ఈ ఊరివాళ్లు కారని చెప్పాలని ఎలిశిబాకు నోటిదాకా వచ్చింది. గల్లా దగ్గర జనార్దన్ కూర్చుని ఉన్నాడు. మాట మింగేసింది.

మధ్యాహ్నం బక్కయ్య మళ్లీ వచ్చాడు.

"ఒకలు చేగుంట, ఒకలు శంకరంపేట, ఇంకొకలు కుల్చారమట. సైకిల్ మీద వస్తనన్నాయన ఇంకా రాలే. మెదక్ అనే నొక్కిన గద బిడ్డా? లేరని పొద్దుగాలనే తెలిస్తే ఏదన్న బండి మాట్లాడి పట్నం తీస్కపోతుంటి."

అప్పుడు జీపు మాట్లాడుకుని బయలుదేరారు. రామమ్మ దారిలోనే పోయింది.

ఎలిశిబా ఆ రాత్రి ఏడ్చింది. మర్నాడే ప్రోగ్రాంను మొదట రాసినట్టు మార్చేసింది. జనార్దన్ చూసి, ఊరు కనపడనిదే పెడతావా, ఇంటికి పోతావా అన్నాడు. తండ్రి మందులు గుర్తొచ్చాయి. మళ్లీ ఊరు కనపడనిదే పెట్టింది.

దశదినకర్మ అయ్యాక బక్కయ్య గుండుతో వచ్చి నిలబడ్డాడు.

"నా పేరు గూడ ఎక్కియ్యి బిడ్డా, నేను రక్తమిస్త. పేరు పక్కన మెదక్ అని రాయి. అందరికి కనవడాలె."

ఎలిశిబా తల ఎత్తలేదు. పేరు కొట్టింది, పక్కన ఊరూ కొట్టింది. అది ఎవరికీ కనపడదని ఆమెకు తెలుసు.

"రాసిన పెద్దనాయనా," అంది.